ఆట ఆడినవాళ్ళే మాట ఆడాలా?

వైవా రోజు హాల్లో పాతికమంది దాకా ఉన్నారు. నా సిద్ధాంత గ్రంథం అమెరికన్ స్వీయకథాత్మక వచనంలో క్రీడలు, పురుషత్వం గురించి. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలా సౌమ్యంగా అడిగాడు. “బాగానే రాశారమ్మా. కానీ మీరెప్పుడైనా ఆ ఆట ఆడారా?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డిగ్రీ వచ్చింది. నేనూ నవ్వానన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా లోపల గుచ్చుతూనే ఉంది.

తెలుగులో మనం ఆట ఆడతాం, మాటా ఆడతాం. ఆడిన మాట తప్పకూడదని పిల్లలకు చెప్తాం. ‘ఆడ’ అనే మాట కూడా ఆ పక్కనే ఉంది గాని, వాటికి చుట్టరికం కలిపే సాహసం చెయ్యను. ఆట ఆడినవాళ్ళకే దాని గురించి మాట ఆడే హక్కుందా అన్నది ఆ పరీక్షకుడి ప్రశ్నలో ఉన్న అసలు ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళింది ఒక మనిషి దగ్గరికి. అతని పేరు ఫ్రాంక్ గిఫర్డ్. కాలేజీ ఫుట్‌బాల్‌లో వెలిగి, వృత్తి ఫుట్‌బాల్‌లో ఇంకా వెలిగి, ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు టెలివిజన్‌లో ఆట గురించి మాట్లాడి బతికినవాడు. అతన్ని నాకు పరిచయం చేసింది మాత్రం ఆట కాదు, ఒక నవల.

ఉస్మానియా ప్రాంగణంలో ఒకప్పటి అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయం మా తరం పరిశోధకులకు కూడా పుట్టిల్లు లాంటిదే. పేర్లు మారాయి గాని పుస్తకాల వాసన మారలేదు. అక్కడే ఫ్రెడరిక్ ఎక్స్‌లీ రాసిన ‘ఎ ఫ్యాన్స్ నోట్స్’ దొరికింది. 1968లో వచ్చిన పుస్తకం. తన పుస్తకానికి ఎక్స్‌లీ పెట్టుకున్న ఉపశీర్షికకు ‘కల్పిత జ్ఞాపకాలు’ అని అర్థం. పేరు ఎక్స్‌లీదే, ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని అతని వాటర్‌టౌనే, తాగుడూ పిచ్చాసుపత్రీ అతనివే. అయినా ఇది కల్పన అంటాడు. ఆ ఏడాది ఉత్తమ తొలి నవలగా ఫాక్‌నర్ ఫౌండేషన్ బహుమతి వచ్చింది.

కథ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఇంగ్లీషు టీచరు వారమంతా ఎలాగో గడిపి ఆదివారం కోసం బతుకుతాడు. ఆదివారం బార్లో టీవీ ముందు కూర్చుని న్యూయార్క్ జెయింట్స్ ఆట చూస్తూ, ఫ్రాంక్ గిఫర్డ్ పరుగెత్తినప్పుడల్లా తానే పరుగెత్తినట్టు ఊగిపోతాడు. ఎక్స్‌లీ, గిఫర్డ్ ఇద్దరూ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒకే కాలంలో చదివారు. ఒకసారి కాంపస్ దగ్గర హాంబర్గర్ కొట్టులో ఎదురుపడితే గిఫర్డ్ చిరునవ్వు నవ్వి పలకరించాడట, అంతే. ఆ పలకరింపు మీద ఒక మనిషి తన జీవితమంతా కట్టుకున్నాడు. ఎక్స్‌లీ తండ్రి కూడా ఊళ్ళో పేరున్న ఆటగాడే, నడివయసులోనే క్యాన్సర్‌తో పోయాడు. తండ్రి కోసం చప్పట్లు కొట్టిన జనం తన కోసం కొట్టలేదన్నదే కొడుకు బాధ.

ఈ పుస్తకం నాకు చాలా ఇష్టం. ఈ మాట ఇక్కడ చెప్పడానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఇందులో ఆడవాళ్ళ పరిస్థితి ఘోరం. అతను మోహించిన బన్నీ స్యూ బొమ్మలా మెరుస్తుంది. ఆమె ముందు తన మగతనం పనిచెయ్యదు గనక ఆమె మీదే కోపం. తల్లి ఉంటుంది, ఆమె ఇంట్లో సోఫా ఉంటుంది, దాని మీద అతను నెలలకు నెలలు పడుకుంటాడు. ఆ సోఫా గురించి రాసినన్ని మాటలు అన్నం వండిపెట్టిన తల్లి గురించి రాయలేదు. భార్య పేరు పేషన్స్. అంటే ఓర్పు! రచయిత అది వ్యంగ్యంగా పెట్టాడో, నిజంగానే ఆమె పని అదేనని నమ్మి పెట్టాడో నాకిప్పటికీ తేలలేదు. పిల్లల్ని పెంచుతుంది, సంసారం మోస్తుంది, పుస్తకంలో మెల్లగా మసకబారిపోతుంది. మన కథల్లోని సహనశీల ఇల్లాళ్ళకు అమెరికాలో ఒక తోబుట్టువు.

అయినా ఎందుకు ఇష్టం? తాను చూసేవాడిని మాత్రమేనని, ఎప్పటికీ గ్యాలరీలోనే ఉంటానని ఒక మగవాడు ఒప్పుకున్న పుస్తకం ఇది. మగవాళ్ళ ఆత్మకథల్లో ఆ ఒప్పుకోలు అరుదు.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరుగెత్తుతారు, ఎదుటివాళ్ళు మీదపడి కింద పడగొడతారు. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. గిఫర్డ్ 1993లో రాసుకున్న ఆత్మకథ పేరు ‘ది హోల్ టెన్ యార్డ్స్’ అక్కడినుంచి వచ్చిందే. కాలేజీ ఆట అక్కడ మన అంతర్ కళాశాలల పోటీల్లాంటిది కాదు. అదొక పరిశ్రమ, లక్ష మంది పట్టే స్టేడియాలు కాలేజీలకే ఉన్నాయి. ఆడే కుర్రాళ్ళకు చాలాకాలం ఉపకారవేతనం తప్ప జీతం లేదు. మైదానంలో ఆడపిల్లలు చీర్‌లీడర్లుగా ఉంటారు, ‘హోమ్‌కమింగ్ క్వీన్’ అనే కిరీటం పెట్టుకుంటారు. గిఫర్డ్ మొదటి భార్య మాక్సీన్ అలాంటి కిరీటం పెట్టుకున్న విద్యార్థినే.

గిఫర్డ్ 1930లో పుట్టాడు. తండ్రి చమురు బావుల తవ్వకంలో పనిచేసేవాడు, పని ఎక్కడుంటే కుటుంబం అక్కడికి. ఊరు మీద ఊరు మారుతూ పెరిగిన పిల్లాడు 1951లో ఆల్-అమెరికన్ ఆటగాడిగా ఎంపికై, 1952లో న్యూయార్క్ జెయింట్స్‌లో చేరాడు. 1956లో జెయింట్స్ చాంపియన్లయ్యారు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి గుర్తింపు అతనికి దక్కింది. అందగాడు, మాటకారి. ప్రకటనల్లో కనిపించాడు, ఆడుతూ ఉండగానే రేడియో, టీవీ పనులు మొదలుపెట్టాడు.

తర్వాత 1960 నవంబర్ 20. యాంకీ స్టేడియంలో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆట. చివరి ఘట్టంలో బంతి అందుకుని తిరుగుతున్న గిఫర్డ్‌ను చక్ బెడ్నారిక్ అనే భారీ ఆటగాడు గుద్దాడు. గిఫర్డ్ వెల్లకిలా పడిపోయాడు, కదల్లేదు. పైన నిలబడి పిడికిలి బిగించి ఊపుతున్న బెడ్నారిక్ ఫోటో అమెరికన్ క్రీడాచరిత్రలో అతి ప్రసిద్ధమైనవాటిలో ఒకటి. గిఫర్డ్‌ను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. 1961 అంతా అతను ఆడలేదు. 1962లో తిరిగొచ్చి 1964 దాకా ఆడాడు. బెడ్నారిక్ చేసింది నిబంధనల ప్రకారమేనని గిఫర్డ్ ఎప్పుడూ అంటూ వచ్చాడు.

ఎక్స్‌లీ నవలలో ఈ దృశ్యం ఉంది. కథకుడు ఆ రోజు గ్యాలరీలో ఉంటాడు. జనం ఎలా నిశ్శబ్దమయ్యారో, ఆ పడిపోయిన దేహం అక్కడినుంచి ఎంత చిన్నగా కనిపించిందో చెప్తాడు. తన నాయకుడు పడిపోవడంలో తన చావును తాను చూసుకుంటాడు. పుస్తకంలో అత్యంత శక్తివంతమైన పేజీలు అవే.

వైవా అయిపోయి బస్సులో ఇంటికొస్తుంటే నాకు జవాబు తట్టింది. మన జవాబులన్నీ బస్సులోనే కదా తడతాయి. సార్, ఆ దెబ్బ తిన్నవాడు దాన్ని చూడలేదు. అతను స్పృహలో లేడు. ఆ రోజు ఏం జరిగిందో అతను తర్వాత ఫోటోలో చూసుకోవాలి, లేదా మరొకరు చెప్తే వినాలి. ఆడినవాడి కంటే ఆడనివాడికే ఆ క్షణం గురించి ఎక్కువ తెలుసు.

ఈ జవాబుతో కొన్నాళ్ళు చాలా తృప్తిగా తిరిగాను. తర్వాత అదీ అంత సుఖమైన జవాబు కాదని తెలిసింది. ఎందుకంటే స్త్రీవాదులుగా మనం దశాబ్దాలుగా చెప్తూ వచ్చింది దీనికి సరిగ్గా ఎదురు మాట. ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చిన 1993 నాటి గొడవలు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. మా దేహం గురించి, ప్రసవం గురించి, వంటిల్లు గురించి మేం చెప్తాం, అనుభవించినవాళ్ళం మేం అన్నాం. దళిత కవులు, దళిత స్త్రీలు ఆ మాటనే మన వైపు తిప్పి మనల్నీ అడిగారు. అనుభవానికి అధికారం ఉందన్నాం. మరి గిఫర్డ్ “నేను ఆడాను కాబట్టి నేను చెప్తాను” అంటే ఎలా కాదనగలం?

ఇదే గొడవ అమెరికన్ టీవీలోనూ జరిగింది. ఏబీసీ చానెల్ 1970లో సోమవారం రాత్రి ఫుట్‌బాల్ ప్రసారం మొదలుపెట్టింది. 1971లో గిఫర్డ్ అందులో చేరాడు, 1997 సీజన్ వరకు, అంటే 27 సీజన్లు ఉన్నాడు. మొదట్లో ఆట నడకను చెప్పే వ్యాఖ్యాత, 1986 నుంచి విశ్లేషకుడు. అతని పక్కన డాన్ మెరిడిత్ అనే మాజీ ఆటగాడు, హోవార్డ్ కోసెల్ అనే మాజీ లాయరు. కోసెల్ ఎన్నడూ ఆడినవాడు కాదు. 1985లో రాసిన పుస్తకానికి ‘నేనెప్పుడూ ఆట ఆడలేదు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, మాజీ ఆటగాళ్ళకు మైకు అప్పనంగా అప్పజెప్పే పద్ధతిని చీల్చి చెండాడాడు. అతను వాడిన మాట ‘జాకోక్రసీ’. ఆటగాళ్ళ రాజ్యం అనుకుందాం.

గిఫర్డ్ వ్యాఖ్యానం గొప్పదని నేననలేను. దొరికినన్ని పాత ప్రసారాలు విన్నాను. గొంతు మృదువు, మర్యాద ఎక్కువ. పేర్లు తడబడతాడు. ఏ ఆటగాణ్ణీ నొప్పించడు. ఆటగాళ్ళతో మరీ మెత్తగా ఉంటాడని అప్పట్లోనే విమర్శకులు అన్నారు. దెబ్బ తగిలినవాడు లేచి నిలబడితే మెచ్చుకుంటాడు. ఇక్కడే నాకు తేడా కనిపించింది. మన కవయిత్రులు అనుభవం గురించి మాట్లాడింది దాగినదాన్ని బయటపెట్టడానికి. కామెంటరీ బాక్సులో అనుభవం చేసిన పని చాలాసార్లు దానికి విరుద్ధం. “నాకు తెలుసు” అనే మాట మిగతావాళ్ళను “నీకు తెలియదు” అని ఆపడానికి పనికొచ్చింది గాని, తెలిసింది చెప్పడానికి పనికిరాలేదు. అలాగని అనుభవాన్ని కొట్టిపారేసే ధైర్యమూ నాకు లేదు. రెండిటి మధ్యా నలుగుతూనే ఉన్నాను.

పైగా ఆ నియమం అందరికీ ఒకటి కాదు. కోసెల్ ఆడలేదు, అయినా మైకు దొరికింది. 1986లో గిఫర్డ్ స్థానంలో ఆట నడక చెప్పడానికి వచ్చిన అల్ మైకేల్స్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడేమీ కాదు. 1974 డిసెంబర్‌లో జాన్ లెనన్ ఆ బాక్సుకు అతిథిగా వెళ్ళాడు. ఆ ఇంగ్లీషు గాయకుడికి ఆ ఆట ఓనమాలు తెలియవు. అదే రాత్రి అక్కడికొచ్చిన కాలిఫోర్నియా గవర్నరు రొనాల్డ్ రీగన్ అతని పక్కన నిలబడి నియమాలు వివరించాడట. ఏమీ తెలియని మగవాడికి వివరించడానికి గవర్నరే దిగి వస్తాడు!

ఆడవాళ్ళ కథ వేరు. సీబీఎస్‌లో 1975లో ఫిలిస్ జార్జ్ ఫుట్‌బాల్ కార్యక్రమంలో చేరితే, ఆమె 1971 మిస్ అమెరికా అన్న సంగతే ముందు చెప్పేవారు. బేస్‌బాల్ ఆటగాళ్ళ గదుల్లోకి వెళ్ళి ఇంటర్వ్యూ చేసే హక్కు కోసం పత్రికా రచయిత్రి మెలిస్సా లట్కీ పక్షాన కోర్టుకెళ్తే తప్ప 1978లో తలుపులు తెరుచుకోలేదు. తీర్పు చెప్పింది కాన్‌స్టెన్స్ బేకర్ మోట్లీ, అమెరికాలో ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి స్త్రీ. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఆటకు వ్యాఖ్యాతగా ఒక స్త్రీ గొంతు మొదటిసారి వినిపించింది 1987 డిసెంబర్ 27న. ఆమె గేల్ సియరెన్స్, టాంపా నగరంలో వార్తలు చదివే ఆవిడ. ఎన్‌బీసీ మరిన్ని ఆటలు ఇస్తానంది. స్థానిక చానెల్ ఇదో అదో తేల్చుకోమంది. ఆమె వార్తల్లో ఉండిపోయింది. రెండో స్త్రీ బెత్ మోయిన్స్ వచ్చేసరికి 2017 సెప్టెంబర్. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు. అంటే గిఫర్డ్ కామెంటరీ జీవితమంతటి కాలం, ఇంకో రెండేళ్ళు ఎక్కువే. మోయిన్స్ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి. అయినా ఆమె గొంతు బాగా లేదని ఫిర్యాదులొచ్చాయి. మన దగ్గర 2003 క్రికెట్ ప్రపంచ కప్పు ప్రసారాల్లో మందిరా బేడీ అడిగిన ప్రశ్నలకంటే ఆమె జాకెట్టు గురించే ఎక్కువ రాసిన పత్రికలు మనకు గుర్తున్నాయి కదా.

గిఫర్డ్‌కు న్యాయం చెయ్యాలంటే ఒక రాత్రి గురించి చెప్పాలి. 1980 డిసెంబర్ 8. మయామీలో ఆట ముగింపుకొస్తోంది. ఆరేళ్ళ క్రితం అదే కార్యక్రమానికి అతిథిగా వచ్చిన లెనన్‌ను న్యూయార్క్‌లో కాల్చి చంపారన్న వార్త బాక్సుకు చేరింది. ఆట మధ్యలో చెప్పాలా వద్దా అని కోసెల్ వెనకాడాడు. తెలిసినదాన్ని చెప్పి తీరాలని పట్టుబట్టింది గిఫర్డే. కోట్లమంది ఆ చావు గురించి మొదట విన్నది ఫుట్‌బాల్ వ్యాఖ్యాతల నోటి నుంచి. జీవితమంతా ఎవర్నీ నొప్పించని మనిషి ఆ ఒక్క రాత్రి మాట ఆడడమంటే ఏమిటో సరిగ్గా తెలుసుకున్నాడు అనిపిస్తుంది నాకు.

అతని మూడో భార్య కాథీ లీ కూడా టీవీ మనిషే, ఉదయపు కార్యక్రమంలో రోజూ కనిపించేది. 1996లో వాల్‌మార్ట్‌లో ఆమె పేరుతో అమ్మే బట్టలను హొండూరస్‌లో ఆడపిల్లలు కుడుతున్నారని కార్మిక హక్కుల వాళ్ళు బయటపెట్టారు. మొదట ఏడ్చి, కోప్పడి, తర్వాత ఆ చాకిరీ కొట్టాలకు వ్యతిరేకంగా మాట్లాడడం మొదలుపెట్టింది. అదే వసంతంలో న్యూయార్క్‌లో కూడా ఆ బట్టలు కుట్టినవాళ్ళకు జీతాలు అందలేదని తేలింది. అప్పుడు ఫ్రాంక్ గిఫర్డ్ మన్‌హాటన్‌లోని ఆ కుట్టు కర్మాగారానికి వెళ్ళి ఒక్కొక్కరికి 300 డాలర్ల కవర్లు పంచాడు. మంచితనమే కావచ్చు. కానీ ఆ దృశ్యం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఆటగాడే కనిపిస్తాడు. బంతి తన చేతికొచ్చింది, పరుగెత్తి పది గజాలు దాటించాడు. కుట్టుమిషన్ల దగ్గర కూర్చున్నవాళ్ళ చేతికి మైకు ఎవరూ ఇవ్వలేదు. మర్నాడు పత్రికల్లో అతనే ఉన్నాడు.

1997 నాటి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒక టాబ్లాయిడ్ పత్రిక డబ్బిచ్చి వల పన్ని, హోటల్ గదిలో వేరే స్త్రీతో ఉన్న గిఫర్డ్‌ను రహస్యంగా వీడియో తీయించింది. తప్పు అతనిది, కుట్ర పత్రికది, నెలల తరబడి హాస్య కార్యక్రమాల్లో నవ్వులపాలైంది మాత్రం కాథీ లీ. ఆమె అతన్ని విడిచిపెట్టలేదు. ఎందుకు విడిచిపెట్టలేదన్న ప్రశ్నకు ఆమె మనకు బాకీ లేదు. కామెంటరీ బాక్సులో గిఫర్డ్‌కు ఆ సీజనే చివరిది.

2015 ఆగస్టు 9న, 85వ పుట్టినరోజుకు వారం ముందు గిఫర్డ్ చనిపోయాడు. బెడ్నారిక్ అదే ఏడాది మార్చిలో పోయాడు. నవంబర్‌లో గిఫర్డ్ కుటుంబం ఒక ప్రకటన చేసింది. మెదడును పరీక్ష చేయించామని, సీటీఈ అనే వ్యాధి ఉన్నట్టు తేలిందని. తలకు పదే పదే దెబ్బలు తగిలినవాళ్ళ మెదడులో ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే క్షీణత అది. జ్ఞాపకం, కోపతాపాలు, ఆలోచన అన్నీ దెబ్బతింటాయి. చచ్చిపోయాక మెదడు కోసి చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేరు. బోస్టన్‌లో ఆన్ మెకీ అనే స్త్రీ శాస్త్రవేత్త బృందం 2017లో ప్రచురించిన పరిశీలనలో, పరీక్షించిన 111 మంది లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110 మందికి ఈ వ్యాధి కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళు ఇచ్చి ఉంటాయి కాబట్టి ఆ లెక్కను ఆటగాళ్ళందరికీ వర్తింపజెయ్యకూడదని వాళ్ళే చెప్పారు. ఆన్ మెకీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే అభిమాని. అంటే గ్యాలరీలోని మనిషి.

అతని మెదడులో ఆ మార్పులు మైకు ముందు కూర్చున్న సంవత్సరాల్లోనే మొదలయ్యాయా, పేర్లు తడబడింది అందుకేనా అని అడగాలనిపిస్తుంది. అడగను. చచ్చిపోయిన మనిషి మాటల్లో రోగలక్షణాలు వెతకడం సాహిత్య విమర్శ పని కాదు. కానీ ఆ ప్రకటన చదివాక ఎక్స్‌లీ నవల మళ్ళీ తెరిచాను. ఎక్స్‌లీ 1992లోనే పోయాడు, అతనికి ఇదేదీ తెలియదు. బెడ్నారిక్ గుద్దిన పేజీలు చదువుతుంటే మొదటిసారి నా చూపు మైదానం మీదినుంచి పక్కకు పోయింది. ఆ ఆదివారాల్లో పేషన్స్ ఎక్కడుంది? ఆట అయ్యాక తాగి వచ్చినవాణ్ణి ఎవరు మంచం మీదికి చేర్చారు? ఆడినవాడి ఇంట్లో, చూసినవాడి ఇంట్లో ఆ తర్వాతి సంవత్సరాలు ఎలా గడిచాయి? గిఫర్డ్ విషయంలో అది చెప్పింది ఇంటివాళ్ళే. ఆ మెదడును పరీక్షకు పంపాలన్న నిర్ణయం వాళ్ళదే. ఎక్స్‌లీ పేషన్స్‌కు ఆ అవకాశం లేదు. ఆమెకు తెలిసినదంతా నవల బయటే ఉండిపోయింది.

ఆ సిద్ధాంత గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా తేవాలని కూర్చున్నాను. అందులో పేషన్స్ గురించి ఒకే ఒక్క పేరా ఉంది, అదీ ఫుట్‌నోట్ పక్కన. పరీక్షకుడు దాని గురించి ఏమీ అడగలేదు. నేనూ అప్పుడు అడుక్కోలేదు. ఆ పేరా తీసేసి, ఆదివారాల గురించి కొత్త అధ్యాయం మొదలుపెట్టాను. ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను.